విడదీసి కొలిచిన జతలు

మా మావయ్య చెవులు పోయాయని తేల్చింది నేనే. చెవి డాక్టరు కాదు, ఆయన కన్నకొడుకు కాదు, నేను. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం సాయంత్రం, టీ గ్లాసులు ఇంకా చేతుల్లో ఉండగానే తేల్చిపారేశాను. నాకు నోరు దురుసు, చెయ్యి తొందర. విజయనగరంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివానన్న పొగరు వాటికి తోడు. ఇప్పుడు ఎవరైనా ‘మీ మావగారు ఎలా ఉన్నారు’ అని అడిగితే ‘బాగున్నారు’ అంటాను. ఒంట్లో బాగానే ఉన్నారు మరి.

అరసవల్లి వెళ్ళే రోడ్డు పక్క సందులో మా ఇల్లు. ముందుగది మావయ్యది. ఆయన పేరు ఇమ్మానుయేలు. ముప్పై ఏళ్ళు సినిమా హాలులో సౌండు చూసుకున్న మనిషి. హాలు మూతపడ్డాక ఇంట్లో కూర్చుని వాల్వులు జతచేయడం మొదలుపెట్టారు. పాత మైకుసెట్లు విప్పితే లోపల అరచెయ్యి పొడుగున గాజు గొట్టాలు నారింజ రంగులో వెలుగుతూ కనిపించేవి, అవే వాల్వులు. కొత్త సామాన్లు వచ్చి వాటిని తరిమేశాయి కానీ, పాటంటే పిచ్చి ఉన్నవాళ్ళు ఇప్పటికీ వాటితోనే ఆంప్లిఫయర్లు కట్టించుకుంటారు. కోటబొమ్మాళిలో గానీ నరసన్నపేటలో గానీ పాత మైకుసెట్టు తుక్కుకి పోతోందంటే మావయ్యకి ఫోను వచ్చేది. చంకలో సంచి పెట్టుకుని బస్సెక్కేసేవారు.

ఆంప్లిఫయరులో ఈ వాల్వులు ఒంటరిగా పనిచేయవు. కాడికి కట్టిన ఎడ్లలాగ రెండేసి లాగుతాయి. రెండింటి బలమూ సమానంగా ఉండాలి. ఒకటి ఎక్కువ లాగిందంటే పాట వెనకాల గుర్రుమని ఒక మూలుగు వచ్చి కూర్చుంటుంది. వంద వాల్వుల్లోంచి సరిజోడీలు ఏరడమే మావయ్య పని.

ఆయన పద్ధతి చూడముచ్చటగా ఉండేది. ముందు వాల్వు నెత్తిమీద వెండిపూత చూస్తారు. పూత పాలిపోయి తెల్లబడితే లోపలికి గాలి దూరినట్టు, దాన్ని పక్కన పడేస్తారు. తర్వాత పెన్సిలు వెనకవైపుతో చిన్నగా తడతారు. ఖంగుమంటే అదీ పనికిరాదు. మిగిలినవాటిలో రెండు తీసి తన బల్లమీది ఆంప్లిఫయరులో పక్కపక్కనే గుచ్చి, వేడెక్కనిచ్చి, పాటా మాటా లేకుండా ఉత్త స్పీకరు దగ్గర చెవి పెట్టి కళ్ళు మూసుకుంటారు. బలాలు కలవకపోతే స్పీకరు గుర్రుమంటుంది, కలిస్తే ఒకదాని మూలుగు ఇంకొకటి మింగేస్తుంది. అప్పుడు కళ్ళు తెరిచి, ‘సల్లబడిపోనాది, సరే’ అని, రెండింటినీ ఒకే కాగితంలో చుట్టి దారం కట్టేసేవారు. ఆయన ‘సరే’ అన్న జత తిరిగొచ్చిన దాఖలా లేదు.

ఆ చెవికి చర్చిలో కూడా మర్యాద ఉండేది. మా బాప్టిస్టు చర్చిలో కీర్తన ఎత్తేది ఆయనే. హార్మోనియం కన్నా ముందు ఆయన గొంతు లేచేది. హార్మోనియమే వచ్చి ఆయనతో కలవాలి.

ఏప్రిల్ మొదట్లో విశాఖపట్నం నుంచి మోహనకృష్ణ గారు ఫోను చేశారు. ఆయన మావయ్య దగ్గర ఏళ్ళ తరబడి వాల్వులు తీసుకుంటున్న మనిషి. ఈసారి పన్నెండు జతలు కావాలన్నారు. మావయ్య ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడతారు కాబట్టి ఇంట్లో అందరికీ వినబడింది.

“మీమీద నమ్మకం లేక కాదు మాస్టారూ, ఈ మధ్య మావాళ్ళు నంబర్లు అడుగుతున్నారు. ఏ వాల్వు ఎన్ని మిల్లీఆంపులు లాగుతోందో ప్రతి జతకీ చిన్న చీటీ పెట్టండి చాలు.”

ఫోను పెట్టేశాక మావయ్య నవ్వారు. “నంబర్లేటి? రేపు పొద్దున్న తినే ఇడ్డెనకి కూడా నంబరు అడుగుతారు ఈళ్ళు.”

“అదెంత పని మావయ్యా, నేను కొలిచేస్తాను. టెస్టరు తెప్పిద్దాం” అన్నాను.

వంటింట్లోంచి మా అత్త ఎలీసమ్మ అందుకుంది. “ఓలమ్మో, ఇన్నాళ్ళూ ఒకడే ఆ గాజుబుడ్లతో సంసారం సేసీవోడు. ఇప్పుడు కోడలు కూడానా! ఇంక మనకి కూడెవుడు వండుతాడు?”

“నువ్వున్నావు కదా అత్తా!”

“ఉన్నాన్లే, నా కొడుకు కట్టుకొచ్చిన కోడలికి సేవలు సేడానికి!”

మావయ్యకి నేను ఆ పనిలోకి రావడం ఎంత సంతోషమో ఆయన మొహంలోనే తెలిసింది. నా మొగుడు స్టాన్లీకి ఆ గదిలోకి తొంగిచూసే ఓపిక కూడా లేదు. తన తర్వాత ఈ విద్య పోతుందని మావయ్యకి బెంగ. ‘ఇది నేర్సుకో తల్లీ, నా సెవి నీకిచ్చేసి పోతాను’ అనేవారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

హైదరాబాదులో ఎవరో చేతితో తయారుచేసి అమ్ముతుంటే టెస్టరు తెప్పించాను. దానికి ఒకటే సాకెట్టు. వాల్వు గుచ్చి పది నిమిషాలు వేడెక్కనిస్తే ఎన్ని మిల్లీఆంపులో అంకె చూపిస్తుంది. దాంతోపాటు రెండు పేజీల కాగితం వచ్చింది. నేను మొదటి పేజీ చదివాను.

మే రెండో వారానికి మావయ్య పన్నెండు జతలూ కట్టేశారు. శనివారం నేను కొలతకి కూర్చున్నాను. ఎంత పద్ధతిగా కూర్చున్నానో చెప్పాలి మీకు. కాగితాలు విప్పి, ఒక్కో జతలోంచి ఒక వాల్వు ఎడమ ట్రేలో, దాని జోడీ కుడి ట్రేలో పెట్టి, అన్నింటికీ అంకెలు అంటించాను. పొద్దున్న ఆరింటికి ఎడమ ట్రేతో మొదలుపెడితే ఎనిమిదిన్నరకి పూర్తయింది. తర్వాత టిఫిను, వంట, బట్టలు, భోజనాలు. ఒంటిగంటకి కుడి ట్రే పట్టుకున్నాను. బయట ఎండ పెనంలా కాలుతోంది. సందులో ప్రతి ఇంట్లోనూ కూలరు తిరుగుతోంది. చెమట తుడుచుకుంటూ అంకె తరవాత అంకె రాసుకుంటూ పోయాను.

మూడున్నరకి రెండు వరసల అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఒక్క జత కూడా కలవలేదు. నలభై ఎనిమిదికి జోడీ నలభై ఒకటి. నలభై ఆరుకి జోడీ ముప్పై ఎనిమిది. రెండు మూడు తేడా అంటే సరిపెట్టుకోవచ్చు, ఏడూ ఎనిమిదీ అంటే ఎలా? పన్నెండుకి పన్నెండూ తప్పే.

కుడి ట్రేలో ఉన్నవే అన్నీ ఎందుకు తగ్గాయి? ఆయన జతల్లో ఏది ఎడమ, ఏది కుడి అని లేదు కదా, చేతికొచ్చింది వచ్చినట్టు విడదీసింది నేనే కదా. తప్పు ఆయనదైతే కొన్ని అటూ కొన్ని ఇటూ తప్పాలి కదా. డిప్లొమా చదివిన మనిషికి ఈ ప్రశ్న రావాలి. రాలేదు. ఎందుకు రాలేదంటే, నాకు వేరే జవాబు ముందే దొరికిపోయింది. ఆ మధ్య టీవీ గట్టిగా పెడుతున్నారు. వెనకనుంచి పిలిస్తే రెండోసారికి గానీ తిరగట్లేదు. డెబ్భై ఒకటి దాటాయి. ఇంకేం కావాలి? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఊరికే అన్నారా!

మర్నాడు ఆదివారం. పొద్దున్న చర్చిలో మావయ్య కీర్తన ఎత్తారు. ఎప్పటిలాగే హార్మోనియం వచ్చి ఆ శ్రుతిలో కలిసింది. నేను వింటూనే ఉన్నాను, జేబురుమాలుతో విసురుకుంటూ, సాయంత్రం ఆయనకి ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

సాయంత్రం టీ తాగుతుండగా కాగితం ఆయన ముందు పెట్టాను. స్టాన్లీ కూడా ఉన్నాడు. మావయ్య కళ్ళజోడు తుడుచుకుని పైనుంచి కిందికి చదివారు. మళ్ళీ చదివారు.

“ఒక్కటి కూడా కలవనేదేటి?”

“లేదు మావయ్యా.”

“మిషను మంచిదేనా అమ్మా?”

“కొత్తది మావయ్యా. రెండుసార్లు చూశాను” అన్నాను. రెండుసార్లు చూసిన మాట నిజమే. కానీ కుడి ట్రేనే, రెండుసార్లూ మధ్యాహ్నమే చూశాను.

ఆయన లేచి ముందుగదిలోకి వెళ్ళారు. ఏడో నంబరు వాల్వునీ దాని జోడీనీ వెతికి, రెండూ ఆంప్లిఫయరులో గుచ్చి, వేడెక్కేదాకా కూర్చున్నారు. మేము గుమ్మంలో నిలబడ్డాం. ఆదివారం కదా, అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్ళొచ్చే ఆటోలు రోడ్డు మీద వరసకట్టి హారన్లు కొడుతున్నాయి. హాల్లో కూలరు మోగుతోంది. మావయ్య స్పీకరుకి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

“నాకేటీ ఇనిపించట్నేదు” అన్నారు కాసేపటికి. “సల్లగానే ఉన్నాది. ఇలా రా అమ్మా, నువ్విను.”

వెళ్ళి చెవి పెట్టాను. గుర్రుమంటున్నట్టే ఉంది. కూలరుదో ఆటోదో నా తలలోదో, ఏదో ఒక మోత ఉంది. కాగితం మీద ఏడు తేడా ఉన్నప్పుడు మూలుగు ఉండి తీరాలి కదా! ఉండాలి కాబట్టి ఉంది.

“ఇనిపిస్తందా?”

“ఊఁ” అన్నాను.

మావయ్య నన్ను చూశారు. అప్పటిదాకా కాగితాన్నీ టెస్టరునీ పెద్దగా లెక్కచేసినట్టు లేరు. ఆ ‘ఊఁ’ విన్నాక స్విచ్చి కట్టేశారు. “అయితే నాకే ఇనిపించట్నేదన్నమాట” అని, వాల్వులు చల్లారేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

అత్త మాత్రం ఊరుకోలేదు. “ఏటి, ఈ మనిషికి సెవుడా? నాను వంటింట్లో గొణుక్కున్నవి కూడా ఇనేసి తగువుకొస్తాడు!”

“నాన్నకి వయసైపోనాది కదే అమ్మా” అన్నాడు స్టాన్లీ.

ఆ వారంలోనే చెవి డాక్టరుకి చూపించాం. ఆయన పరీక్ష చేసి, వయసుకి తగ్గట్టే ఉందని, సన్నటి శబ్దాలు కాస్త తగ్గాయని, కావాలంటే మిషను పెట్టుకోవచ్చని అన్నారు. వాల్వుల మూలుగు సన్నటి శబ్దం కాదు, గుమ్మటంలో తేనెటీగల్లాంటి బొంగురు మోత. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ డాక్టరు ముందు తలూపి వచ్చాను. మావయ్య చెవికి మిషను పెట్టారు. దాంట్లోంచి పళ్ళాల చప్పుడు తప్ప ఏమీ సరిగ్గా వినిపించట్లేదని రెండో రోజే తీసి డబ్బాలో పెట్టేశారు.

తర్వాతి ఆదివారం చర్చిలో ఆయన వెనక బెంచీలో కూర్చున్నారు. పాస్టరు అయ్యగారు కీర్తన నంబరు చెప్పి ఆయన కోసం చూశారు. మావయ్య కదల్లేదు. చివరికి హార్మోనియమే మొదలుపెట్టింది. బయటకొచ్చాక అయ్యగారు అడిగితే, “నా సెవి మీద నాకు నమ్మకం పోనాదండి. నలుగుర్నీ తప్పుదారి పట్టించీస్తాను” అన్నారు. చెప్పులు వేసుకుంటూ ఆ మాట విన్నాను. బాధేసింది. కానీ నిజం చెప్పిన మనిషికి వేసే బాధ అది, గర్వం కలిసిన బాధ.

నేను ఇరవై నాలుగు వాల్వుల్నీ నా అంకెల ప్రకారం కొత్తగా జతచేసి, ప్రతిదానికీ చీటీ పెట్టి విశాఖ పంపించాను. మావయ్య కట్టిన కాగితాలు పారేశాను. ఆయన ఆ గదిలోకి రావడం మానేశారు. మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని రోడ్డు చూసేవారు. పలకరిస్తే బదులిచ్చే ముందు, సరిగ్గా విన్నానా అన్నట్టు ఒక్క క్షణం ఆగేవారు. ఆ ఆగడం అంతకుముందు లేదు.

జులైలో మోహనకృష్ణ గారు ఫోను చేశారు. “ఏంటమ్మా ఇది? ఆరు జతలు చక్కగా ఉన్నాయి. ఆరు గుర్రుమంటున్నాయి. మాస్టారు ఇచ్చినవి ఎప్పుడూ ఇలా లేవే. ఆ పన్నెండు వాల్వులూ తిరిగి పంపుతున్నా, ఒకసారి చూడమనండి.”

పార్శిలు వచ్చిన రోజు ముసురు. టెస్టరులో పెట్టి కొలిస్తే ఏ అంకే నా చీటీతో కలవలేదు. అన్నీ పెరిగాయి. మర్నాడు ఎండ కాసింది, ఉక్కపోత. మధ్యాహ్నం మళ్ళీ కొలిస్తే మళ్ళీ తగ్గాయి. టెస్టరు పాడైందనుకుని తిట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, చింతకాయ పచ్చడి రుబ్బుదామని మిక్సీ వేశాను. అది మూలుగుతూ తిరగనా మాననా అంటోంది.

“ఓలే, మజ్జాన్నం కరెంటుకి మిక్సీ తిరగదని ఎన్నిసార్లు సెప్పాలే నీకు?” అంది అత్త. “ఊరంతా కూలర్లేసుకుంటే కరెంటు ఎక్కణ్ణించి వస్తాది? పొద్దున్నే రుబ్బీసుకోవాలి.”

మిక్సీ అలాగే వదిలేశాను. కరెంటు కొలిచే మీటరు తెచ్చి ప్లగ్గులో పెట్టాను. నూట తొంభై ఆరు వోల్టులు. మర్నాడు పొద్దున్న ఆరింటికి చూస్తే రెండొందల ఇరవై ఏడు. టెస్టరుతో వచ్చిన కాగితం రెండో పేజీ అప్పుడు తీసి చదివాను. కరెంటు హెచ్చుతగ్గులుంటే అంకెలు మారతాయని, స్టెబిలైజరు పెట్టుకోమని మూడో లైన్లోనే ఉంది.

మావయ్య రెండు వాల్వుల్నీ పక్కపక్కన, ఒకేసారి, ఒకే కరెంటు మీద పోల్చేవారు. కరెంటు తగ్గితే రెండింటికీ తగ్గుతుంది, పెరిగితే రెండింటికీ పెరుగుతుంది. తగువే లేదు. నేను జతని విడదీసి ఒకదాన్ని పొద్దున్న, ఒకదాన్ని మధ్యాహ్నం కొలిచి, తేడా వచ్చిందని ఆయన చెవిని తప్పుపట్టాను. నా కొత్త జతల్లో ఒకే పూట కొలిచినవి కుదిరాయి, పొద్దుటిదానికి మధ్యాహ్నందాన్ని కట్టినవి గుర్రుమన్నాయి. మిక్సీ పాటి తెలివి లేకపోయింది నాకు. అత్తకి చదువు లేదు, ఆవిడకి తెలుసు. చెంపలు వాయించుకోవాలనిపించింది. నిజంగానే వాయించుకున్నాను, అత్త చూసి ‘దోమలా?’ అంది.

వరండాలో మావయ్య దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాను. అంతా చెప్పాను. మీటరు అంకెలు రాసిన కాగితం చూపించాను. ఆయన ముప్పై ఏళ్ళు కరెంటుతో కాపరం చేసిన మనిషి, సగం చెప్పేసరికే అర్థమైపోయింది.

“అవునవును, మజ్జాన్నం లైను పడిపోతాది. మిషను తప్పు కాదు, నీ తప్పూ కాదులే అమ్మా.”

“అయితే మీ చెవి సరిగ్గానే ఉంది మావయ్యా! మీరు చేసిన జతలన్నీ సరైనవే!”

ఆయన తల అడ్డంగా ఊపి, కాగితాన్ని పక్కకి నెట్టారు. “కాగితం ఒగ్గీ. ఆ రోజు నాకు ఇనిపించనేదు, నీకు ఇనిపించింది. దానికేటంటావు?”

“నాకు వినిపించలేదు మావయ్యా.”

“ఏటి?”

“నాకూ ఏమీ వినిపించలేదు. కాగితం చూసి ఉందనుకున్నాను. ఉందనుకుని ఊఁ అన్నాను. నన్ను చెప్పుతో కొట్టండి.” నాకు ఏడుపు ఆగలేదు.

మావయ్య చాలాసేపు నా తల నిమిరారు. కోపమొచ్చి ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. “ముసిలోడు బెంగెట్టుకున్నాడని ఇలా సెప్తన్నావు. నాకు తెల్దేటి తల్లీ? నీ మనసు మంచిది” అన్నారు.

ఎంత ఒట్టేసినా నమ్మలేదు. బైబిలు మీద చెయ్యి వేయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. నేను ఆ రోజు తొందరపడి అన్న ఒక్క ‘ఊఁ’ ఆయనకి వేదవాక్కు అయింది. ఇప్పుడు ఏడ్చి చెబుతున్న నిజం ఓదార్పు అయిపోయింది.

కాళ్ళావేళ్ళా పడి, మోహనకృష్ణ గారి దగ్గర మాట పోతుందని చెప్పి, మర్నాడు పొద్దున్న ఆయన్ని ముందుగదిలో కూర్చోబెట్టాను. కూలరు కట్టేశాను. తలుపులు వేశాను. పన్నెండు వాల్వులు బల్ల మీద పరిచాను. మావయ్య రెండు తీసి, వెండిపూత చూసి, పెన్సిలుతో తట్టి, ఆంప్లిఫయరులో గుచ్చారు. చేతుల్లో ఏ తడబాటూ లేదు. వేడెక్కాక స్పీకరు గుర్రుమంది. గుమ్మం అవతల ఉన్న అత్తకి కూడా వినిపించేంత మోత. మావయ్యకి వినిపించకుండా ఎలా ఉంటుంది? కనుబొమ ముడిపడటం నేను చూశాను. ఆ వెంటనే ఆయన స్పీకరు దగ్గర్నుంచి చెవి తీసేసి నా మొహం చూశారు.

“నువ్వే సెప్పమ్మా. ఉందా, నేదా?”

“మీరు చెప్పండి మావయ్యా.”

“నాకెందుకు, నువ్వున్నావు కదా.”

స్పీకరు ఇంకా గుర్రుమంటూనే ఉంది. చివరికి “ఉంది” అన్నాను. ఆయన బుద్ధిగా ఒకటి తీసి ఇంకొకటి గుచ్చారు. మళ్ళీ చూపు నా మొహం మీదే. మధ్యాహ్నానికి ఆరు జతలూ కుదిరాయి. విశాఖ పంపాం, అన్నీ బాగున్నాయని మోహనకృష్ణ గారు ఫోను కూడా చేశారు. ఆ ఆరింటిలో ఒక్కదానికి కూడా మావయ్య తనంతట తాను ‘సరే’ అనలేదు.